పడిందా, పడిందటా? ఖార్కివ్ గురించి జర్మనీలో వాంగ్మూలం ఇచ్చిన నా అనుభవం

2022 మార్చిలో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి, యుద్ధం మధ్యలోంచి ఖమ్మం చేరినప్పటి నుంచి ఒక మాట కనీసం వందసార్లు చెప్పి ఉంటాను. "ఫ్రీడమ్ స్క్వేర్‌లో మిసైల్ పడటం నా కళ్లతో చూశాను." చుట్టాలకు చెప్పాను. టీవీ వాళ్లు మైకు పట్టుకుని ఇంటికొస్తే చెప్పాను. తర్వాత జర్మన్ క్లాసులో జీవితంలో మరిచిపోలేని రోజు గురించి రాయమంటే అదే రాశాను, పదికి తొమ్మిది మార్కులు కూడా వచ్చాయి. 2025 ఫిబ్రవరి 13న డ్రెస్డెన్‌లో ఒక పోలీసు ఆఫీసరు ఎదురుగా కూర్చుని అదే మాట మళ్లీ చెప్పబోయి మధ్యలో ఆగిపోయాను. నేను చూడలేదు. ఆ పొద్దున నేను నౌకోవా మెట్రో స్టేషన్‌లో, భూమి కింద ఉన్నాను.

ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతూ యుద్ధంలో ఇరుక్కుని, తర్వాత ఏదో దారిన జర్మనీ వచ్చిన మనవాళ్లు నాకు తెలిసే కొంతమంది ఉన్నారు. "పోలీసులకు చెప్తే ఏమవుతుంది, వీసాకి ఏమన్నా ఇబ్బందా" అని అడుగుతున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కొన్ని మాత్రం రాయను. నేను చూసింది ఏ వీధిలో, ఎన్ని గంటలకు, నా ఫోటోలో ఏముంది అన్నవి బయట పెట్టొద్దన్నారు. ఇంకో సాక్షి ఎవరైనా చదివితే వాళ్ల జ్ఞాపకంలో నా మాటలు కలిసిపోతాయట. ఈ "అట" సంగతి తర్వాత చెప్తాను.

మెడిసిన్ నాలుగో ఏడాదితో ఆగిపోయింది. మావాళ్లు కొందరు జార్జియా వెళ్లారు, కొందరు రష్యా వెళ్లి పూర్తి చేశారు. మాకప్పటికే 22 లక్షలు ఖర్చయ్యాయి, నాన్న ఇంక తేలేనన్నాడు. హైదరాబాద్‌లో జర్మన్ నేర్చుకుని 2023 సెప్టెంబర్‌లో నర్సింగ్ ట్రైనింగ్ కోసం జర్మనీలోని కెమ్నిట్స్ వచ్చాను. పని ముసలివాళ్ల హోమ్‌లో. అక్కడ వంటగదిలో పనిచేసే ఒకావిడది ఖార్కివ్‌లోని సాల్తివ్కా. నా రష్యన్ విని మొదటిరోజే గట్టిగా పట్టుకుని ఏడ్చింది. నేను ఆమెను ఆంటీ అనే పిలుస్తాను.

2024 మార్చిలో ఒకరోజు టీ తాగుతూ, "నువ్వు చెప్పావా?" అంది.

"ఎవరికి?"

"పోలీసులకి. నేను 2022లోనే చెప్పాను. నువ్వూ చూశావుగా."

నిజం చెప్పాలంటే నాకు నవ్వొచ్చింది. ఖార్కివ్‌లో పడ్డ రాకెట్ గురించి కెమ్నిట్స్ పోలీసుకు చెప్పడమేంటి? ఆవిడ పర్సులోంచి మడతలు పడిన కరపత్రం ఒకటి తీసింది. శరణార్థుల క్యాంపులో పంచారట. ఉక్రెయిన్‌లో యుద్ధ నేరాలు చూసినవాళ్లు దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌లో చెప్పండి అని ఉంది. కరపత్రం నాకిచ్చి, "నాకిక అక్కర్లేదు" అంది.

మార్చి 18, సోమవారం. నైట్ డ్యూటీ దిగి అలాగే స్టేషన్‌కి వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన తల ఎత్తకుండానే, "ఏం పోయింది?" అన్నాడు.

"ఏమీ పోలేదు. యుద్ధ నేరం చూశాను."

తల ఎత్తాడు. "ఎక్కడ?"

"ఖార్కివ్‌లో."

"ఉక్రెయిన్ వాళ్లా మీరు?"

"కాదు. ఇండియా."

"మరి?"

ఆ "మరి"కి నా దగ్గర జవాబు లేదు. కరపత్రం చూపించాను. లోపలికి వెళ్లి ఎవరినో అడిగొచ్చాడు, ఆ ఎవరో ఇంకెవరికో ఫోన్ చేశారు. 40 నిమిషాల తర్వాత ఒక అమ్మాయి వచ్చి పేరు, ఫోన్ నంబరు, పాస్‌పోర్టు వివరాలు, "క్లుప్తంగా ఏం చూశారు" అన్నదానికి ఆరు లైన్లు రాసుకుని పంపేసింది. బయటికొచ్చాక ఆ కాగితం ఎక్కడికీ పోదనే అనుకున్నాను. అందుకని మీకు చెప్పేది, కరపత్రమో, పోలీసుల వెబ్‌సైట్‌లో ఆ పేజీ ప్రింటో చేతిలో లేకుండా కౌంటర్ దగ్గరికి వెళ్లకండి. కౌంటర్లో ఉన్నవాళ్లకు అది రోజూ వచ్చే పని కాదు.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి చెప్తే నాన్న మొదటి మాట, "మనకెందుకురా ఆ పంచాయితీ?" రెండోది, "అక్కడెక్కడో జరిగినదానికి జర్మనీ వాళ్లకేం సంబంధం?" ఇదే అనుమానం నాకూ ఉండేది కాబట్టి నాకు అర్థమైనంతలో చెప్పాను. 2002 నుంచి వీళ్లకొక చట్టం ఉంది. యుద్ధ నేరం ప్రపంచంలో ఎక్కడ జరిగినా, చేసినవాడు జర్మన్ కాకపోయినా, చచ్చిపోయినవాడు జర్మన్ కాకపోయినా ఇక్కడ కేసు పెట్టొచ్చు. కార్ల్స్‌రూహేలో ఉండే ఫెడరల్ ప్రాసిక్యూటర్ ఆఫీసు 2022 మార్చిలోనే ఉక్రెయిన్ మీద ఫైలు తెరిచింది. "మన దేశంలో చెప్పుకోలేవా మరి?" అన్నాడు. యుద్ధ నేరాలు విచారించే హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో ఇండియా సభ్యదేశమే కాదు నాన్నా అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "వీసాకేం కాదు గదా" అన్నాడు. ఏమీ కాలేదు, ముందే చెప్తున్నాను. ఒక్కరు కూడా వీసా గురించి అడగలేదు, గుర్తింపు కోసం కార్డు చూడటం తప్ప.

11 వారాలు ఏ కబురూ లేదు. జూన్ 5న పోస్టు బాక్సులో మందపాటి కవరు. ఫైలు నంబరు, నాలుగు పేజీల ప్రశ్నలు. ఏ తేదీల్లో ఎక్కడున్నారు, సైనికుల్ని చూశారా, చూస్తే యూనిఫాం ఎలా ఉంది, వాహనాల మీద గుర్తులున్నాయా, ఫోటోలు వీడియోలు ఉన్నాయా, గాయపడ్డారా, కుటుంబంలో ఎవరైనా చనిపోయారా. చివరి పేజీలో "ఏ భాషలో మాట్లాడాలనుకుంటున్నారు?" అని ఒక గడి.

ఇంగ్లిష్ అని రాసి, కొట్టేసి జర్మన్ అని రాశాను. జర్మన్‌లో బి2 స్థాయి పరీక్ష పాసయ్యాను కదా, ఆ గర్వం. ఆంటీ చూసి తిట్టింది. "నీకు దెబ్బ తగిలితే ఏ భాషలో అరుస్తావు? అది రాయి." సరే ఏమవుతుందిలే అని తెలుగు అని రాశాను. ఆ ఒక్క మాట వల్ల నా వంతు రెండు నెలలు వెనక్కి పోయింది. అయినా మీరూ తెలుగు అనే రాయండి.

అదే జూన్ 25న హేగ్ కోర్టు రష్యా మాజీ రక్షణ మంత్రి షోయిగు, సైన్యాధిపతి గెరాసిమోవ్‌ల మీద అరెస్టు వారంట్లు ప్రకటించింది. అమ్మ టీవీలో చూసి ఫోన్ చేసింది, "నీ కేసేనారా?" అని. కాదమ్మా, అది 2022 అక్టోబర్ నుంచి 2023 మార్చి దాకా కరెంటు స్టేషన్ల మీద చేసిన దాడుల గురించి, మేం అప్పటికే ఇంటికొచ్చేశాం అన్నాను. "మరి నీది ఎప్పుడు?" అంది. పెళ్లి సంబంధం గురించి అడిగినట్టే అడిగింది.

ఇక ఫోన్ కథ. సెప్టెంబర్ 4న ఒక ఆఫీసరు కాల్ చేశారు. నేను ప్రశ్నాపత్రంతో ఒక ఫోటో ప్రింటు పంపాను. తారురోడ్డులోకి గుచ్చుకుని నిలబడిన ఇనుప గొట్టం. ఖార్కివ్ వీధుల్లో ఆ రోజుల్లో అలాంటివి చాలా కనిపించాయి, పేపర్లలోనూ వచ్చాయి కాబట్టి ఇంతవరకు రాయొచ్చన్నారు. "ఒరిజినల్ ఉందా?" అని అడిగారు. ఉంది కదా వాట్సాప్‌లో అన్నాను. వాట్సాప్‌లో పంపిన ఫోటోకి తీసిన టైము, ఇతర వివరాలు ఉండవట, సైజు కూడా తగ్గిపోతుంది. పైగా మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టేటప్పుడు గొట్టం బాగా కనపడాలని నేనే పక్కలు కత్తిరించాను. గూగుల్‌లో చూస్తే స్టోరేజ్ నిండిపోయి బ్యాకప్ 2022 ఫిబ్రవరి మూడో వారంలోనే ఆగిపోయింది. ఒరిజినల్ ఉన్నది ఒక్క చోట, ఖమ్మంలో మా బీరువాలో, పగిలిన స్క్రీన్‌తో చచ్చిపడి ఉన్న పాత ఫోన్‌లో.

అమ్మకు ఫోన్ చేస్తే, "ఎక్స్చేంజ్ ఆఫర్లో ఇచ్చేద్దామనుకున్నాంరా మొన్న" అంది. నా గుండె జారిపోయింది. అదృష్టం, స్క్రీన్ పగిలిందని వాడు తీసుకోనన్నాడట. చీరల కింద, ఒక ప్లాస్టిక్ కవర్లో దొరికింది. ఆన్ కాలేదు. మా బావ తీసుకెళ్లి వైరా రోడ్డులో ఒక షాపులో ఇచ్చాడు. డిస్‌ప్లే, బ్యాటరీ మారిస్తే 4,200 అన్నాడు, సరే అన్నాం. ఒక గంట తర్వాత బావ ఫోన్, "ఫార్మాట్ కొడితే గాని ఆన్ కాదంటున్నాడు." నేను ఇక్కడ డ్యూటీలో, ఒక తాతగారికి సాక్సు తొడుగుతూ, తెలుగులో గట్టిగా అరిచేశాను. తాతగారు బెదిరిపోయి కాలు వెనక్కి లాక్కున్నారు. బావ ఆ షాపులో స్టూల్ వేసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు, ఫార్మాట్ కొట్టనివ్వకుండా. ఏడున్నరకి ఫోన్ ఆన్ అయింది.

ఆ సంగతి ఆఫీసరుకు సంతోషంగా చెప్తే అటువైపు నిట్టూర్పు వినిపించింది. రిపేరు చేయించకూడదట, ఛార్జింగ్ కూడా పెట్టకూడదట, ఉన్నది ఉన్నట్టు వాళ్లకు అప్పగిస్తే వాళ్ల దగ్గర మనుషులున్నారట. ఇది తెలియక నేను చేసిన తప్పు, మీరు చేయకండి. ఆ ఫోన్ ఎవరెవరి చేతుల్లోంచి వచ్చిందో అంతా వాంగ్మూలంలో రాయాల్సి వచ్చింది. అమ్మ, బావ, షాపులో కుర్రాడు, ఎంఎస్ చదవడానికి మాగ్డెబుర్గ్ వస్తూ హ్యాండ్‌బ్యాగులో తెచ్చిన మా వీధి అమ్మాయి. బ్యాటరీ ఉన్న ఫోన్ కొరియర్లో పంపడం తలనొప్పి కాబట్టి ఆ అమ్మాయికి ఇచ్చాం, దాంతోపాటు కేజీ గోంగూర పచ్చడి కూడా. మాగ్డెబుర్గ్ వెళ్లి రెండూ తెచ్చుకున్నాను. అక్టోబర్ 7న పోలీసులు ఫోన్ తీసుకుని రసీదు ఇచ్చారు. తన పేరు జర్మన్ పోలీసు ఫైల్లో ఉందని మా బావ ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాడు.

వాంగ్మూలం మొదట డిసెంబర్ 19న అన్నారు. తెలుగు దుబాసీ దొరకలేదని ఫిబ్రవరికి మారింది. ఈలోపు నేను తప్పించుకోలేని పని ఒకటి ఉంది. ఆ రోజు ఆ వీధిలో నా పక్కన నా రూమ్మేట్ ఉన్నాడు. వాడిది గుంటూరు. వాడు మిగిలిన చదువు రష్యాలో చేస్తున్నాడు, 2025 జూన్‌తో అయిపోతుంది. వాడికి ఫోన్ చేసి, అడ్డదిడ్డంగా, ఏ పేరూ ఎత్తకుండా చెప్పాను. వాడికి వెంటనే అర్థమైంది. "మామా, నా పేరు చెప్పొద్దురా. డిగ్రీ చేతికొచ్చే దాకా." అంతే అని పెట్టేశాడు. కోపం రాలేదు. వాడి స్థానంలో నేనున్నా అదే అనేవాడిని.

ఫిబ్రవరి 13, గురువారం. అప్పట్లో 58 యూరోలుండే నెల పాసు నా దగ్గర ఉంది కాబట్టి రైలుకి వేరే ఖర్చు లేదు. డ్రెస్డెన్‌లో దిగేసరికి మంచు పడుతోంది. తొమ్మిదింటికి లోపలికి పిలిచారు. నేను సినిమాల్లో చూసిన గది ఊహించుకున్నాను, చీకటి, ఒక్క లైటు, అద్దం. మామూలు ఆఫీసు గది. కిటికీలో మొక్క, బల్ల మీద నీళ్ల జగ్గు, టిష్యూ డబ్బా. ప్రశ్నలడిగే ఆవిడ ఒకరు, టైపు చేసే కుర్రాడు ఒకరు. మూలన యాభై ఏళ్ల తెలుగావిడ, దుబాసీ. ఎంతో రిలీఫ్‌గా అనిపించి "నమస్తే మేడమ్, మీది ఏ ఊరు?" అనబోయాను. చేయి కొంచెం ఎత్తి, "తర్వాత మాట్లాడదాం" అన్నారు. మొదలయ్యే ముందు సాక్షితో సొంత మాటలు కూడదట. మనసు చివుక్కుమంది.

ముందుగా నియమాలు చెప్పారు. నిజమే చెప్పాలి. నన్ను నేను ఇరికించుకునే ప్రశ్నకు జవాబు చెప్పనక్కర్లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపొచ్చు. నేను అడిగిన మొదటి ప్రశ్న, "కేసు ఎవరి మీద?"

"ఇప్పటికి ఎవరి మీదా కాదు" అన్నారు ఆఫీసరు. పేరు లేని ఫైలు. ఎవరైనా అనుమానితుడు ఎప్పుడైనా దొరికితే పనికొచ్చేలా ముందే సాక్ష్యాలు కూడబెట్టి పెట్టుకోవడం. సిరియా గురించి ఇలాంటి ఫైలు 2011లో తెరిచారట. డమాస్కస్ జైల్లో చిత్రహింసలు పెట్టించిన ఒక అధికారికి కోబ్లెంజ్ కోర్టులో యావజ్జీవం పడింది 2022 జనవరి 13న. వేళ్ల మీద లెక్కేసుకున్నాను. పదేళ్ల పైనే. "అంత పడుతుందా?" అన్నాను. "అసలు పడకపోవచ్చు కూడా" అన్నారావిడ. ఆ మాట నచ్చింది నాకు. ఆశ పెట్టలేదు.

తర్వాత "మీరే చెప్పండి, మేం మధ్యలో ఆపం" అన్నారు. 2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజాము నుంచి మార్చి 2న ఎంబసీ వాళ్లు ఎలాగైనా ఖార్కివ్ వదలమంటే ఊరి బయట ఉన్న పిసోచిన్ దాకా నడిచిన సాయంత్రం వరకు గడగడా చెప్పేశాను. 25 నిమిషాలు. అన్నిసార్లు చెప్పిన కథ కదా, ఎక్కడ ఆగాలో ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా అలవాటైపోయింది. దుబాసీగారు వంచిన తల ఎత్తకుండా రాసుకున్నారు. అప్పుడు ఆఫీసరు మొదటి పేజీకి వెళ్లారు.

అసలు పరీక్ష అక్కడ మొదలైంది. మన భాష ఎంత ఉజ్జాయింపు భాషో ఆ రోజు తెలిసింది. "పొద్దున్నే బ్రెడ్ కోసం బయటికొచ్చాం" అంటే, పొద్దున్నే అంటే ఎన్నింటికి? "నలుగురైదుగురు పరిగెత్తారు" అంటే, నలుగురా, అయిదుగురా? "పది పదిహేను నిమిషాలు" అంటే పదా, పదిహేనా? "ఆ పక్కన" అంటే ఎడమా, కుడా, మీరు ఎటు తిరిగి ఉన్నారు? నేను "బాంబు" అన్న ప్రతిసారీ ఆపారు. విమానం కనిపించిందా? లేదు. మరి బాంబు అని ఎందుకంటున్నారు? మనకు పేలేదంతా బాంబే కదా. చివరికి "పేలుడు శబ్దం" అని రాయించాను.

ఒకచోట నేను, "దానికి ముందు రోజు వెనక వీధిలో కూడా పడిందట" అన్నాను. దుబాసీగారు పెన్ను ఆపి ఆఫీసరుకు ఏదో చెప్పి, నా వైపు తిరిగి మొదటిసారి సూటిగా చూశారు.

"పడిందా, పడిందటా?"

"ఆఁ?"

"పడిందట అన్నారు. మీరు చూశారా, ఎవరన్నా చెప్పారా?"

సీనియర్ అన్న చెప్పాడన్నాను. ఆవిడ ఆఫీసరుకు వివరించారు, తెలుగులో మాట చివర చిన్న తోక ఉంటుంది, అది తగిలిస్తే విన్నమాట, తీసేస్తే తన మాట అని. జర్మన్‌లోనూ విన్నమాట చెప్పేటప్పుడు క్రియ రూపం మారుతుంది కాబట్టి అలాగే తర్జుమా చేస్తానన్నారు. టైపు చేసే కుర్రాడు ఆ తోకను ఎలా రాస్తారని అడిగి పక్కన కాగితం మీద రాసుకున్నాడు. ఆఫీసరు, "అయితే ఇప్పటినుంచి మీరు జాగ్రత్తగా ఆ తోక పెట్టండి" అన్నారు నవ్వుతూ.

నవ్వు వచ్చింది నాకూ. కానీ తర్వాతి వాక్యం మార్చి 1 గురించి. నోరు తెరిచాను, "ఫ్రీడమ్ స్క్వేర్‌లో మిసైల్..." అని. పడింది అనాలా, పడిందట అనాలా?

నౌకోవా నుంచి ఆ చౌకు ఒక్క స్టేషను దూరం. పొద్దున ఎనిమిది ప్రాంతంలో ప్లాట్‌ఫాం మీద దుప్పటి కప్పుకుని ఉన్నాను. నేల కదిలింది. పైనుంచి సున్నం పొడి రాలి దుప్పటి మీద పడింది. రాత్రంతా ఏడ్చిన ఒక పసిపాప ఏడుపు ఆపేసింది, అది మాత్రం బాగా గుర్తుంది. అరగంట తర్వాత ఎవరో ఫోన్‌లో వీడియో చూపించారు, ప్రభుత్వ భవనం ముందు కార్లు వెళ్తున్నాయి, ఒక్కసారిగా నిప్పు. ఆ వీడియో ఆ తర్వాత ఎన్ని వందలసార్లు చూశానో. ఎప్పుడో ఒకప్పుడు అది నా కళ్లలోకి దూరిపోయి, నేను చూసినదై కూర్చుంది. అబద్ధం చెప్పాలని ఎప్పుడూ అనుకోలేదు. అయినా మూడేళ్లు చెప్పాను.

"చూడలేదు" అన్నాను. "నేను కింద ఉన్నాను. విన్నాను." చెవులు కాలిపోతున్నాయి. ఆఫీసరు మొహంలో ఏ మార్పూ లేదు. "సరే. ఎన్ని శబ్దాలు విన్నారు?" అని మాత్రమే అడిగారు.

పన్నెండున్నరకు 45 నిమిషాల బ్రేక్. తెచ్చుకున్న పులిహోర బాక్సు తెరవలేదు.

మధ్యాహ్నం ఫోటో. నా ఫోన్‌లోంచి వాళ్లు తీసిన ఒరిజినల్‌ను పెద్ద స్క్రీన్ మీద పెట్టారు. టైము ఉంది. లొకేషన్ లేదు, ఆ రోజుల్లో లొకేషన్ ఆఫ్ చేసుకోమని అందరం ఒకరికొకరం చెప్పుకున్నాం మరి. అందుకని ఉపగ్రహ చిత్రం తెరిచి, వెనక కనపడే మందుల షాపు బోర్డు, ట్రామ్ తీగల స్తంభం పట్టుకుని నేను ఎక్కడ నిలబడి తీశానో గుర్తించాల్సి వచ్చింది. ఆ ఒక్క పనికే గంట పట్టింది. ఆ గొట్టం ఏంటని నేనడిగితే చెప్పలేదు. ఒక ఆల్బమ్ ఇచ్చి ఇందులో పోలినది ఉందా అన్నారు. ఒకదాని మీద వేలు పెట్టాను. సరైనదో కాదో కూడా చెప్పలేదు.

తర్వాత ఫోటోను ఎడమ అంచుకు జరిపి పెద్దది చేశారు. వాట్సాప్‌లో నేను కత్తిరించేసిన వైపు. అక్కడ ఒక వస్తువు, సగమే కనిపిస్తోంది. ఏంటో రాయను. అది పడుకుని ఉన్న ఒక మనిషి పక్కన ఉండాల్సిన వస్తువు. ఆ మనిషి సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. టీవీ వాళ్లకూ చెప్పలేదు. మిసైల్ కథ అన్నిసార్లు చెప్పింది బహుశా ఇది చెప్పకుండా ఉండటానికేనేమో.

"తర్వాత ఏం చేశారు?"

నేను అప్పుడు నాలుగో ఏడాది మెడిసిన్. రక్తం ఆపడం, నాడి చూడటం, అన్నీ తెలుసు.

"పరిగెత్తాం" అన్నాను.

దుబాసీగారు దాన్ని జర్మన్‌లో చెప్పారు, ఒక్క మాట. ఎందుకు అని ఎవరూ అడగలేదు. ఎటువైపు, ఎంతసేపు, వెనక్కి చూశారా అని అడిగారు. టిష్యూ డబ్బా ఎప్పుడు నా ముందుకు వచ్చిందో చూడలేదు.

"పరిగెత్తాం అంటే, మీతో ఎవరు?" ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. రాత్రంతా జవాబు తయారు చేసుకున్నాను, చివరికి ఉన్నదే చెప్పాను. ఇంకో స్టూడెంట్, అతనిప్పుడు ఉన్న చోట ఈ ఫైల్లో పేరు రావడం మంచిది కాదు, వేసవి తర్వాత అతన్నే అడుగుతాను అని. గదిలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇంకో విద్యార్థి" అని రాసుకుని, అతనితో ఈ విషయాలు చర్చించవద్దని మాత్రం గట్టిగా చెప్పారు. నా ఇంటి అడ్రసు విషయంలోనూ భయంగా ఉందంటే ఫైల్లో పనిచేసే చోటు అడ్రసు రాశారు. అడగకపోతే ఆ వీలుందని నాకు తెలిసేది కాదు.

మూడింటి నుంచి చదివి వినిపించడం. 14 పేజీలు, జర్మన్‌లో టైపు చేసినది దుబాసీగారు తెలుగులో చదువుతారు, తప్పులుంటే చెప్పాలి. అప్పటికి తలనొప్పి, ఎక్కడో ఒకచోట సంతకం పెట్టేసి పోదామనిపించింది. అలా చేయకండి. ఆరో పేజీలో "నా అన్నయ్య నాతో చెప్పాడు" అని ఉంది. ఖార్కివ్‌లో నాకు అన్నయ్య ఎక్కడున్నాడు? నేను "సీనియర్ అన్న" అన్నది జర్మన్‌లోకి వెళ్లేసరికి సొంత అన్న అయిపోయాడు. ఆ లెక్కన పోలీసులు ఇంకో సాక్షిని, మా అమ్మ కనని కొడుకుని, వెతుక్కునేవాళ్లు. దిద్దించాను. ఇలాంటివి మూడు. ప్రతి పేజీ కింద సంతకం, నాది, దుబాసీగారిది, ఆఫీసరుది. 4:40కి అయిపోయింది.

కారిడార్లో దుబాసీగారు కోటు తొడుక్కుంటూ నా దగ్గరకొచ్చారు. పొద్దున్నుంచి "మీరు" అన్న మనిషి, "తిన్నావా?" అన్నారు. లేదక్కా అన్నాను, అక్కా అని ఎలా వచ్చిందో నోట్లోంచి. వాళ్లది నిజామాబాద్ దగ్గర అట, ఇక్కడికొచ్చి 26 ఏళ్లట. స్టేషన్ దాకా కలిసి నడిచాం. వాంగ్మూలం గురించి ఒక్క మాట మాట్లాడలేదు. పులిహోర ప్లాట్‌ఫాం మీద ఇద్దరం పంచుకుని తిన్నాం.

మర్నాడు పొద్దున షిఫ్ట్ పెట్టుకోవడం నా పొరపాటు. ఆ రాత్రి కన్ను మూతపడలేదు, పొద్దున ఒకరి మందులు ఇంకొకరి ట్రేలో పెట్టబోయాను. ఆంటీ చూసి ఇన్‌ఛార్జికి చెప్పి ఇంటికి పంపించింది. కనీసం రెండు రోజులు సెలవు పెట్టుకోండి. ఆఫీసరు ఇచ్చిన కౌన్సెలింగ్ నంబరుకి నేను మూడు వారాల తర్వాత గాని ఫోన్ చేయలేదు, మొదటి అపాయింట్‌మెంట్ మేలో దొరికింది.

డబ్బు సంగతి. సాక్షికి ఆ రోజు పోయిన జీతం, దారిఖర్చు ఇస్తారు, అయితే మనమే ఫారం అడిగి తీసుకోవాలి, పనిచేసే చోట సంతకం చేయించాలి. నాకు ఏప్రిల్ చివర్లో 96 యూరోలు పడ్డాయి. ఫోన్ రిపేరు బిల్లు పెడితే ఇవ్వలేదు, చేయించకూడని పని కదా మరి. ఫోన్ మే 20న తిరిగొచ్చింది, సీలు వేసిన కవర్లో. ఇంకా తెరవలేదు.

ఆ తర్వాత ఏమీ లేదు. లెటరు లేదు, కాల్ లేదు. అడ్రసు మారితే చెప్పమన్నారు, అంతే.

జూలై రెండో వారంలో గుంటూరు నంబరు నుంచి కాల్ వచ్చింది. రూమ్మేటు. డిగ్రీ చేతికొచ్చింది, ఇంటికొచ్చేశాడు. ఎగ్జామ్స్, వాళ్ల చెల్లి పెళ్లి, ఇండియాలో రాయాల్సిన టెస్టు, అన్నీ చెప్పి చివర్లో, "ఇప్పుడు రాయించు నా పేరు" అన్నాడు. ఆన్‌లైన్లో తీసుకుంటారా, ఎన్ని గంటలు పడుతుంది, తెలుగులో చెప్పొచ్చా అని అడిగాడు. చెప్పాను. ఒక్క నిమిషం ఆగి, "అరేయ్, నాకింకా కళ్లముందే ఉందిరా, ఆయన చేతి పక్కన ఆ..."

"ఆగు ఆగు" అన్నాను. "నాకు చెప్పకు. అక్కడ చెప్పు."